ఘనమీటరుకు రెండు గ్రాములు

విశాఖపట్నంలో కైలాసగిరి మీద సముద్రం వైపు అంచున నిలబడి ఒక పూట గద్దలను గమనించినవారికి, రెక్క ఆడించకుండా ఎగరడం గురించి సగం పాఠం తెలిసిపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి పుంజుకున్నాక అవి కొండ అంచు వెంట గాలిలో కట్టేసినట్టు నిలుచుంటాయి. నీటి మీదుగా వచ్చిన గాలి కొండకు తగిలి, ముందుకు పోయే దారి లేక పైకి లేస్తుంది. గద్ద ఆ లేచే గాలి మీద ఆనుకుని ఉంటుంది. ఇందులో కారణం కంటికి ఎదురుగానే ఉంది. నాకు ఇంతకంటే ఆశ్చర్యం కలిగించేది ఉదయం పది గంటల వేళ కొండకు అవతల, కంబాలకొండ అడవి మీద జరిగేది. అప్పటికి గాలి ఆకును కూడా కదిలించదు. అయినా ఒక గద్ద చుట్లు తిరగడం మొదలుపెడుతుంది, కాసేపటికి చుక్కంత అవుతుంది. దాన్ని చూసి మరొక గద్ద, ఆ రెండింటినీ చూసి తెల్లని తల, ఇటుక రంగు ఒళ్లు గల గరుడపక్షి వచ్చి చేరతాయి. కొండ లేదు, గాలి లేదు, రెక్క ఆడించడం లేదు. మరి వాటిని మోస్తున్నది ఏమిటి?

చేతి గడియారం ఉంటే ఇక్కడ ఒక చిన్న కొలత తీయవచ్చు. గద్ద ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం, అది రెక్కలను వాల్చిన కోణం తెలిస్తే చాలు, దాని వేగాన్నీ చుట్టు వ్యాసార్ధాన్నీ లెక్కకట్టవచ్చు. పక్షి బరువుతో పని లేదు. వాల్చిన రెక్క పుట్టించే బలంలో ఒక భాగం బరువును మోస్తుంది, ఇంకొక భాగం పక్షిని వృత్తం లోపలికి లాగుతుంది, ఈ రెండింటి నిష్పత్తి వాలు కోణాన్ని బట్టే ఉంటుంది. చుట్టుకు 12 సెకన్లు, వాలు 25 డిగ్రీలు అనుకుంటే వేగం గంటకు సుమారు 31 కిలోమీటర్లు, వ్యాసార్ధం సుమారు 17 మీటర్లు. 1956లో గ్లైడింగులో, అంటే ఇంజను లేని విమానం నడపడంలో, ప్రపంచ విజేతగా నిలిచిన అమెరికన్ ఇంజనీరు పాల్ మెక్రెడీ 1976లో కుటుంబంతో కారులో ప్రయాణిస్తూ పక్షుల చుట్లను ఇలాగే కొలిచి, వాటిని మనిషి కింద వేలాడుతూ ఎగిరే గుడ్డ రెక్కలైన హ్యాంగ్ గ్లైడర్లతో పోల్చాడు. ఆ ఆలోచనల దారిలోనే మనిషి కాలిబలంతో నడిచే విమానం రూపుదిద్దుకుంది, 1977లో అటువంటి విమానాలకే పెట్టిన క్రెమర్ బహుమతిని గెలిచింది.

ఇక మోసే గాలి సంగతి. సూర్యకిరణాలు గాలిని నేరుగా పెద్దగా వేడెక్కించవు. అవి నేలను వేడెక్కిస్తే నేల తన మీది గాలిని వేడెక్కిస్తుంది. చుట్టుపక్కల కంటే కాస్త ముందుగా వేడెక్కిన చోట, అంటే ఎండిన చేను, గడ్డి లేని ఎర్రనేల, తూర్పు కనుమల ఖోండలైటు బండ వంటి చోట, గాలి ఉబ్బి తేలికై ఒక బుగ్గలాగా లేస్తుంది. ఎగిరేవారు దీనిని థర్మల్ అంటారు. ఎంత తేలిక అన్నదే అసలు విషయం. నేల దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. అది పరిసరాల కంటే అర డిగ్రీ వెచ్చగా ఉంటే దాని బరువు 2 గ్రాములు తగ్గుతుంది. కిలోంబావు సరుకులో రెండు గ్రాముల తేడాను కిరాణా కొట్టు తక్కెడ కూడా పట్టించుకోదు. కానీ థర్మల్ ఒక ఘనమీటరుతో ఆగదు. 50 మీటర్ల వ్యాసార్ధం, 100 మీటర్ల ఎత్తు గల గాలి స్తంభాన్ని తీసుకుంటే ఆ రెండేసి గ్రాములు కలిసి ఒకటిన్నర టన్నుల పైచిలుకు ఎత్తుడు బలం అవుతాయి. ఆ బలం తొమ్మిది వందల టన్నుల పైబడిన గాలినే పైకి నడిపిస్తుంది. అందులో చుట్లు తిరిగే గద్దనో మనిషినో మోయడం దానికి భారం కాదు.

హ్యాంగ్ గ్లైడరును ఒక మాటలో చెప్పాలంటే, అల్యూమినియం గొట్టాల చట్రం మీద బిగించిన గుడ్డ రెక్క. దాని కింద పైలట్ బోర్లా వేలాడుతూ, చేతిలోని అడ్డకడ్డీని నెట్టి, లాగి, తన శరీరాన్నే అటూ ఇటూ జరిపి దారి మళ్లిస్తాడు. ఒంటి బరువును కదిలించి గాలిలో నడపవచ్చని 1891 నుంచి 1896లో మరణించే వరకు రెండువేల సార్ల దాకా ఎగిరి చూపినవాడు జర్మనీకి చెందిన ఒట్టో లిలియెంతాల్. ఈనాటి గుడ్డ రెక్కకు మూలరూపం అమెరికన్ ఇంజనీరు ఫ్రాన్సిస్ రొగాలో రూపకల్పన. రెక్క, మనిషి, సంచీ, అత్యవసర పారాచ్యూటు కలిసి సుమారు 115 కిలోలు. నిశ్చలమైన గాలిలో ఇది సెకనుకు దాదాపు ఒక మీటరు చొప్పున దిగుతుంది, దిగే ఒక్కో మీటరుకు 12 మీటర్లు ముందుకు పోతుంది. ఎక్కువ పనితనం గల రెక్కలు 15 దాకా పోతాయి. అంత బరువు సెకనుకు మీటరు దిగుతున్నదంటే, దానిని గాలిలో నిలపడానికి కావలసిన శక్తి సుమారు 1,100 వాట్లు, అంటే ఇంట్లోని ఒక ఇస్త్రీపెట్టెకు కావలసినంత. మనిషి కండలు అంత శక్తిని ఎక్కువసేపు ఇవ్వలేవు. కాబట్టి ఆ ఇస్త్రీపెట్టె కరెంటును ఆకాశంలోనే ఎక్కడో వెతుక్కోవాలి.

బలమైన రోజున ఆ వెతుకులాట సులభం. 2012 జూలైలో టెక్సాస్‌లోని జపాటా నుంచి డస్టిన్ మార్టిన్ ఒకే ఎగరడంలో 764 కిలోమీటర్లు వెళ్లి హ్యాంగ్ గ్లైడరు రికార్డు నెలకొల్పాడు. మన తీరంలో అటువంటి ఆకాశాన్ని ఆశించలేము, కారణం సముద్రమే. నీరు నేల కంటే చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. దాని మీదుగా వచ్చే గాలి కింద చల్లగా ఉండి, పైకి లేవడానికి మొరాయిస్తుంది. సముద్రపు గాలి లోపలికి చొచ్చుకొచ్చే అంచు దగ్గర నేల మీది వేడి గాలి కాసేపు బాగా లేచినా, ఆ అంచు దాటిపోయాక వెనుక థర్మల్స్ అణగారిపోతాయి. చలికాలంలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. రాత్రి నేల చల్లబడి దాని మీది గాలిని చల్లబరచగా, ఆ చల్లటి పొర మీద వెచ్చటి పొర మూతలాగా కూర్చుంటుంది. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండలు ఉన్న మన నగరం గిన్నెలాంటిది కనుక ఆ మూత ఇక్కడ కంటికే కనిపిస్తుంది: చలికాలపు ఉదయం పొగ కొంత ఎత్తు వరకు లేచి, అక్కడ గీత గీసినట్టు ఆగి, అడ్డంగా పరుచుకుంటుంది. లేచే గాలి ప్రతి వంద మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చల్లబడుతుంది. పైన వెచ్చటి పొర ఎదురైతే దాని తేలికదనం అక్కడితో సరి.

ఇప్పుడు బలహీనమైన రోజున ఒక ప్రయాణాన్ని లెక్కవేద్దాం. విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరం, దాని చుట్టూ గగనతలం నియంత్రణలో ఉంటుంది. అనుమతి లేకుండా అక్కడ ఎగరకూడదు. కాబట్టి ఇది కాగితం మీది ప్రయాణం మాత్రమే. ఫిబ్రవరి చివర, వరి కోసిన మళ్లు ఎండిన వేళ, నలుగురు మిత్రులు శృంగవరపుకోట దగ్గరి కొండ అంచు నుంచి బయల్దేరారు. గంటకు 15 కిలోమీటర్ల నైరుతి గాలి ఉంది. ఆ గాలి వెంట ఈశాన్యంగా పోతే పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో గజపతినగరం.

దొరికిన థర్మల్ సెకనుకు 1.25 మీటర్ల చొప్పున లేస్తున్నదనుకుందాం. నేరుగా ఎగిరితే సెకనుకు 0.9 మీటర్లు దిగే రెక్క 25 డిగ్రీలు వాల్చి తిరిగితే 1.05 దిగుతుంది. మిగిలే ఆదాయం 0.2 మీటర్లు. ఆత్రపడి 45 డిగ్రీలు వాలిస్తే దిగుదల 1.5కు పెరిగి ఆదాయం కాస్తా నష్టమవుతుంది. అసలు వాల్చకపోతే చుట్టు పెద్దదై థర్మల్ బయట పడుతుంది. పైగా గంటకు 40 కిలోమీటర్లతో, 25 డిగ్రీల వాలుతో తిరిగే ఈ రెక్క చుట్టు వ్యాసార్ధం 27 మీటర్లు. గద్దకు 17 చాలు. గద్దకు పనికొచ్చే సన్నని ధారలో మనిషికి చోటు దొరకకపోవడానికి కారణం ఇదే. సెకనుకు 0.2 మీటర్ల చొప్పున 300 మీటర్లు ఎక్కడానికి 25 నిమిషాలు పడుతుంది. ఒక్కో చుట్టుకు 15 సెకన్లు కనుక అవి వంద ప్రదక్షిణలు, ఒక్కోదానికి మూడే మీటర్ల ఫలం. గాలిలో ఆ చుట్ల పొడవు 16 కిలోమీటర్లు దాటుతుంది, సింహాచలం గిరి ప్రదక్షిణలో సగం పైన.

ఇంత శ్రమ పడినా కదిలినట్టు ఉండదు. కానీ కింద నేలను చూస్తే వేరుగా ఉంటుంది. థర్మల్ గాలితోపాటే జరుగుతుంది కనుక ఆ 25 నిమిషాలలో పైలట్ తనకు తెలియకుండానే 6 కిలోమీటర్లకు పైగా ఈశాన్యానికి కొట్టుకుపోయాడు. తరువాత ఆ 300 మీటర్ల ఎత్తును ఖర్చుపెట్టి జారితే 3.6 కిలోమీటర్లు, జారే అయిదు నిమిషాలలో గాలి తోసే దూరం 1.25 కిలోమీటర్లు. మొత్తం అరగంటకు 11 కిలోమీటర్లు, అందులో సగం కంటే ఎక్కువ చుట్లు తిరుగుతుండగానే వచ్చింది. బలహీనమైన రోజు గురించి నేను తెలుసుకున్న వాటిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇది. అటువంటి రోజున పైలట్ పని ముందుకు పోవడం కాదు, పడిపోకుండా ఉండడం. దారి గాలి చూసుకుంటుంది. థర్మల్ బలాన్ని బట్టి మధ్య దూరాలను ఎంత వేగంతో దాటాలో మెక్రెడీ చెప్పిన లెక్క కూడా ఇదే అంటుంది: ముందు దొరకబోయేది బలహీనమైతే నెమ్మదిగా పో, దొరికినదాన్ని విడిచిపెట్టకు.

అయితే తదుపరి థర్మల్ దొరకాలి కదా. మిత్రుల అవసరం ఇక్కడ పడుతుంది. ఒక్కడే జారుతూ పోతే తన దారికి అటూ ఇటూ యాభై మీటర్ల మేరకే గాలిని పరీక్షించగలడు. ఒక జారుడులో ఒంటరివాడికి థర్మల్ తగిలే అవకాశం మూడింట ఒకటి అనుకుందాం. నలుగురు తగినంత ఎడంగా, వరుసలో విచ్చుకుని వెళితే, ఎవరికీ తగలకపోయే అవకాశం 81లో 16 మాత్రమే; అంటే అయిదింట నాలుగు సార్లు ఎవరో ఒకరికి తగులుతుంది. ఒకరు తిరగడం మొదలుపెట్టగానే మిగిలినవారు అటు మళ్లుతారు. కనిపించని గాలికి స్నేహితుడి రెక్కే గుర్తు. అతడు తమకంటే త్వరగా ఎక్కుతుంటే మధ్యభాగం అతడి వైపున ఉన్నట్టు. ఇద్దరి ఎత్తులను పోల్చి చూడడం ఏ పరికరానికీ తీసిపోని కొలత.

పరికరాలు లేవని కాదు. వేరియోమీటరు గాలి పీడనంలో మార్పును పట్టి ఎక్కుతున్నామో దిగుతున్నామో శబ్దంతో చెబుతుంది. సెకనుకు 0.2 మీటర్ల ఎక్కుడు అంటే పీడనంలో సుమారు 40,000లో ఒక వంతు తగ్గుదల. చెవి దాన్ని పట్టలేదు, ఈ పెట్టె పడుతుంది. కానీ మధ్యభాగం ఏ పక్కన ఉందో అది చెప్పదు. అది రెక్క చెబుతుంది. థర్మల్ వైపు రెక్క కాస్త పైకి లేస్తుంది, లేచిన రెక్క వైపే తిరగాలి. గౌతమ్ రెడ్డి, మాసిమో వెర్గసోలా తదితరులు 2018లో నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, రెండు మీటర్ల రెక్క గల చిన్న గ్లైడరు తన అనుభవం నుంచి తానే థర్మల్ ఎక్కడం నేర్చుకుంది. దానికి పనికొచ్చిన సూచనలు రెండు: పైకి వీచే గాలి పెరుగుతోందా తగ్గుతోందా అన్నది, రెండు రెక్కల మధ్య ఆ గాలి తేడా వల్ల పుట్టే మెలి. పైలట్లు ఒంటితో పట్టే గుర్తులు కూడా ఇవే.

గుంపుగా ఎగిరేవారికి నియమాలు కఠినమైనవి. మొదట చేరినవాడు ఎటు తిరిగితే అందరూ అటే తిరగాలి, కొత్తగా వచ్చేవాడు బయటి నుంచి మెల్లగా కలవాలి. హ్యాంగ్ గ్లైడరులో రెక్క నెత్తి మీద ఉంటుంది కనుక కింద ఉన్నవాడికి సరిగ్గా తన పైన ఎవరున్నారో కనిపించదు. పైనున్నవాడే కిందివాడిని గమనించి తప్పుకోవాలి. కొంగల జాతి పక్షులలో కూడా ఇటువంటి సహకారం, దాని వెనుక అసమానత ఉన్నాయి. జర్మనీలో 27 పిల్ల తెల్లకొంగలకు పరికరాలు కట్టి చేసిన, 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ముందు వెళ్లే పక్షులు థర్మల్ మధ్యభాగం కోసం అడ్డదిడ్డంగా వెతుకుతుంటే వెనుకవి వాటిని చూసి సాఫీగా తిరుగుతున్నట్టు తేలింది. అయినా ఎక్కువగా రెక్కలు ఆడించవలసి వచ్చింది వెనుక పడినవాటికే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఎండ ఎక్కాక గుంపులుగా చుట్లు తిరిగి పైకి పోవడం చూసేవారు, గుంపు అంచున ఆలస్యంగా చేరే పక్షిని కూడా ఒకసారి గమనించాలి.

మన నలుగురూ మూడో థర్మల్‌ను ఒదిలేసరికి ఎండ వాలింది. నేల ఇచ్చే వేడి తగ్గి, లేచే గాలి సెకనుకు మీటరు కంటే తక్కువైంది. ఇక ఎంత ఓపికగా తిరిగినా ఎత్తు రాదు. ఇప్పుడు వెతకవలసినది గాలిని కాదు, చేనును. చెరువు గట్టును, తాటి వరుసను, కరెంటు తీగలను తప్పించి, ఇటుక బట్టీ పొగను చూసి గాలి ఎటు వీస్తున్నదో తెలుసుకుని, దానికి ఎదురుగా ముఖం పెట్టి కోసిన వరి మడి వైపు దిగాలి. చివరి క్షణంలో కడ్డీని పూర్తిగా ముందుకు నెడితే రెక్క ముక్కు లేచి, వేగం చచ్చి, పైలట్ మోళ్ల మధ్య తన కాళ్ల మీద నిలబడతాడు. ముందుగా దిగినవాడు రెక్కను పక్కకు జరిపి, ఒక తువ్వాలును పైకెత్తి పట్టుకుంటాడు. పైనున్న ముగ్గురికి నేల దగ్గరి గాలి ఎటు తిరిగిందో ఆ గుడ్డ చెబుతుంది.