కుక్కకి కీమో ఇవ్వాలంటే భయం, స్టెరాయిడ్ వేయాలంటే మాత్రం చనువు: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను కుక్కలు, పిల్లులు చూసే వెటర్నరీ డాక్టర్‌ని. క్యాన్సర్‌కిచ్చే కీమో మందులు అనగానే "వద్దు డాక్టర్ గారు, మూగజీవాన్ని హింస పెట్టలేం" అంటారు కొందరు, అదే మనుషులు దురద వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కొని చీటీ లేకుండా వేసేస్తుంటారు. నన్నడిగితే భయపడాల్సింది ఈ రెండోదానికే.

అపోహ: కీమో ఇస్తే బొచ్చంతా ఊడిపోయి, వాంతులతో మూలన పడిపోతుంది.

వాస్తవం: మనుషుల్లో జబ్బుని తుడిచిపెట్టాలని గట్టి డోసులిస్తారు, మా దగ్గర లెక్క వేరు, ఉన్నన్నాళ్ళూ తింటూ తిరుగుతూ హాయిగా ఉండాలనే చూస్తాం కాబట్టి డోసు తక్కువే. చాలా జాతులకి బొచ్చు ఊడదు, పూడుల్ లాంటి ఆగకుండా బొచ్చు పెరిగేవాటికి పలచబడుతుంది, పిల్లులకి మీసాలు రాలొచ్చు. వాంతులో విరేచనాలో ఒకట్రెండు రోజులుంటే ఉంటాయి, మందులతో సర్దుకుంటాయి. అసలు చూసుకోవాల్సింది తెల్లరక్తకణాలు, డోసు పడ్డాక వారం పది రోజులకి బాగా తగ్గుతాయి, ప్రతిసారీ ముందు రక్త పరీక్ష చేసేది అందుకే. ఆ రోజుల్లో జ్వరంగా, డల్‌గా ఉంటే అర్ధరాత్రైనా తీసుకురండి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు, పిల్లికైతే అది విషమే.

అపోహ: క్యాన్సర్ కదా, ఏం చేసినా దక్కదు.

వాస్తవం: మన ఊళ్ళల్లో వీధికుక్కలకి ఎక్కువగా వచ్చే టీవీటీ అనే అంటుకునే క్యాన్సర్ గడ్డ సంగతి చూడండి. మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్‌లా ఎర్రగా పెరిగి రక్తం కారుతుంటుంది, జతకట్టినప్పుడు ఒక కుక్క క్యాన్సర్ కణాలే ఇంకో కుక్కకి అంటుకుని అక్కడ పెరుగుతాయి, నాకినా వాసన చూసినా ముక్కులోకి కూడా పాకుతాయి. గేటు దాటి తిరిగొచ్చిన పెంపుడు కుక్కకీ వస్తుంది, ఇంట్లోవాళ్ళేమో హీట్‌లో ఉందనో యూరిన్ ఇన్‌ఫెక్షన్ అనో యాంటీబయాటిక్ వాడుతూ నెలలు గడిపేస్తారు. దీనికి విన్‌క్రిస్టిన్ అనే కీమో ఇంజెక్షన్ వారానికొకటి, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడితే పదిలో తొమ్మిది కుక్కలకి పూర్తిగా పోతుంది. డోసు కిలోల లెక్క కాదు, శరీర ఉపరితలం చదరపు మీటరుకి 0.5 నుంచి 0.7 మి.గ్రా., నరంలోకే వెళ్ళాలి, ఒక్క చుక్క పక్కకి జారినా అక్కడి చర్మం కుళ్ళిపోతుంది, కాబట్టి కాంపౌండర్‌ని ఇంటికి పిలిపించి చేయించే ఇంజెక్షన్ కాదిది. ఈ మందు వచ్చేది మన పెరట్లో ఉండే బిళ్ళగన్నేరు నుంచే, అలాగని ఆకులు నూరి పోయకండి బాబూ!

లింఫోమా, అంటే లింఫు గ్రంథులకి వచ్చే క్యాన్సర్, మాత్రం వేరే కథ. వైద్యం లేకపోతే నెలా రెండు నెలలు, నాలుగు మందులు కలిపి ఇచ్చే చాప్ పద్ధతిలో సగటున ఏడాది దాకా బాగుంటాయి, పూర్తిగా నయమవడం అరుదు. ఇది ముందే చెప్పేస్తాను, ఖర్చు చూసుకుని వద్దనుకున్నవాళ్ళని తప్పుపట్టను.

అపోహ: ముందు స్టెరాయిడ్ వేసి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు కీమో.

వాస్తవం: ఎక్కువ నష్టం ఇక్కడే. ప్రెడ్నిసొలోన్ వేస్తే లింఫోమా గడ్డలు కరుగుతాయి, కుక్క హుషారవుతుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు, ఈలోపు బతికిన కణాలు మందులకి లొంగకుండా తయారవుతాయి, తర్వాత సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూడటం) చేస్తే జబ్బు కూడా సరిగ్గా దొరకదు. గడ్డ కనిపిస్తే ముందు సూది పరీక్ష, ఆ తర్వాతే మందు.

అపోహ: తగ్గిపోయింది కదా, స్టెరాయిడ్ ఆపేశాం.

వాస్తవం: ఒంట్లో రక్షణ వ్యవస్థే సొంత ఎర్రకణాల్ని పగలగొట్టే జబ్బొకటుంది, చిగుళ్ళు పాలిపోతాయి, కళ్ళు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. మన దగ్గర చాలాసార్లు వెనకాల పిడుదుల జ్వరం ఉంటుంది, బెబీసియా, ఎర్లీకియా పరీక్షలు ముందు చేయాలి. దీనికి ప్రెడ్నిసొలోన్ రోజుకి కిలోకి 2 మి.గ్రా. దాకా మొదలుపెట్టి నెలల మీద మెల్లగా తగ్గిస్తాం. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటుంది కాబట్టి కుక్క కుప్పకూలొచ్చు కూడా. ఎక్కువ నీళ్ళు తాగడం, మూత్రం, ఆకలి, ఆయాసం మామూలే, నీళ్ళగిన్నె మాత్రం తీసేయకండి. కాళ్ళనొప్పులని మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు కలిపారో, కడుపులో పుండు పడి చిల్లు పడేదాకా వెళ్తుంది.

అపోహ: మనుషుల మందే కదా, ఏ జంతువుకైనా ఒకటే.

వాస్తవం: మేం వాడేవి చాలావరకు మనుషుల మందులే నిజం. కానీ రక్షణ వ్యవస్థని అణచడానికి కుక్కకి పనికొచ్చే అజాథయోప్రిన్ పిల్లి ఎముక మూలుగని దెబ్బతీస్తుంది, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పిల్లిని చంపేస్తుంది, చర్మానికి రాసుకునే ఫ్లోరోయురాసిల్ క్రీమ్ నాకి కుక్కలు కూడా చనిపోతాయి. ట్యూబు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి.

అపోహ: కీమో ఇచ్చిన కుక్కని ముట్టుకోకూడదు.

వాస్తవం: ముట్టుకోండి, నిమరండి. రెండు మూడు రోజులు మలమూత్రాలు మాత్రం గ్లౌజులతో తీయాలి, గర్భిణులు, పిల్లలు దూరంగా ఉండాలి. సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మాత్రని విరగ్గొట్టొద్దు, పొద్దున్నే వేసి నీళ్ళు బాగా పట్టి మాటిమాటికీ బయటికి తిప్పండి, లేకపోతే మూత్రాశయంలో రక్తం పడుతుంది. ఈ మందుల మీద ఉన్నన్నాళ్ళూ పార్వో, డిస్టెంపర్ లాంటి లైవ్ వ్యాక్సిన్లు వద్దు. రేబిస్‌ది చంపిన వైరస్‌తో చేసిందే, ఇవ్వొచ్చు, రక్షణ కాస్త తక్కువ రావొచ్చు, తేదీ మాత్రం డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి.