బ్రాయిలర్ దాణాలో పసుపు, వెల్లుల్లి, వేప: అపోహలు - వాస్తవాలు

షాద్‌నగర్ దగ్గర ఒక షెడ్డులో రైతు దాణా బస్తా నేల మీద గుమ్మరించి, పైన పసుపు చల్లి, పారతో నాలుగుసార్లు తిరగేశాడు. సాయంత్రం ఫీడర్ అడుగున వేలు పెడితే పచ్చటి పొడి అంటింది. కోళ్లు గింజలు ఏరుకుని తిని పొడి వదిలేశాయి. ఆ పసుపు అప్పు చేసి కొన్నది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫారాలకు దాణా సలహాలు ఇస్తుంటాను కాబట్టి ఇలాంటివి తరచూ చూస్తాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

అపోహ: మూలికలు వేస్తే ఖర్చు తగ్గుతుంది.

వాస్తవం: ముందు పెరుగుతుంది. అది తిరిగొస్తుందా లేదా అన్నది లెక్క వేస్తేనే తెలుస్తుంది. వెయ్యి కోళ్ల బ్యాచ్ అనుకుందాం. కోడి 2.1 కిలోలకు వచ్చేసరికి 3.4 కిలోల దాణా తింటే మొత్తం 3.4 టన్నులు, ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు తిన్న దాణా కిలోలు) 1.62. టన్నుకు 5 కిలోల చొప్పున 17 కిలోల పసుపు పడుతుంది. కిలో 150 రూపాయలైతే 2,550. దాణా కిలో 40 రూపాయల లెక్కన ఆ డబ్బు రాబట్టాలంటే దాదాపు 64 కిలోల దాణా మిగలాలి. అంటే ఎఫ్‌సీఆర్ 1.59కి దిగాలి. లేదా ఫారం రేటు కిలో 100 ఉంటే, చనిపోయేవాటిలో 12, 13 కోళ్లు బతకాలి. అప్పటికి పెట్టిన డబ్బు మాత్రమే వచ్చినట్టు.

పసుపు, వెల్లుల్లి మీద జరిగిన పరిశోధనల్లో కొన్నిచోట్ల బరువు పెరిగింది, కొన్నిచోట్ల తేడానే లేదు. ఫీడర్ అంచు కోడి వీపు ఎత్తుకు లేక దాణా ఒలికిపోతుంటే ఆ మూడు పాయింట్లు, అంటే 1.62కి 1.59కి ఉన్న 0.03 తేడా, అక్కడే పోతాయి. ముందు అది సరిచేయండి.

ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీ పిల్లలు, దాణా ఇస్తే కూలీకి పెంచే రైతు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దాణా కంపెనీది, మిగిలిన దాణా లాభం కూడా ముందుగా కంపెనీదే. మీ చేతికొచ్చేది గ్రోయింగ్ ఛార్జీలో (పెంపకం కూలీలో) పెరిగే ఇన్సెంటివ్ మాత్రమే. పసుపు ఖర్చు మొత్తం మీది. సూపర్‌వైజర్‌తో మాట్లాడకుండా దాణాలో ఏదీ కలపకండి.

అపోహ: ఆకే కదా, ఎంత వేసినా నష్టం లేదు.

వాస్తవం: వేప చేదుకు కోడి మేత తగ్గిస్తుంది. మునగాకు పొడి టన్నుకు 20 కిలోలు వేస్తే అంత మొక్కజొన్న, సోయా తగ్గినట్టే. పీచు పెరిగి, శక్తి పడిపోతుంది.

అపోహ: మూలికలు ఇస్తే టీకాలు, మందులు అక్కర్లేదు.

వాస్తవం: వైరస్ జబ్బులైన కొక్కెర తెగులుకు, గంబోరోకు టీకాయే దిక్కు. ఈ విషయంలో నేను రాజీ పడను. యాంటీబయాటిక్స్ తగ్గించాలన్న ఆలోచన మాత్రం మంచిదే. పెరుగుదల కోసం దాణాలో వాటిని కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 నుంచి నిషేధించింది. మన దగ్గర 2019లో ఆహారం కోసం పెంచే పశుపక్ష్యాదులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకం నిషేధించారు.

అపోహ: ప్యాకెట్ మీద ‘హెర్బల్’ అని ఉంటే చాలు.

వాస్తవం: ఒకసారి ఖరీదైన ప్యాకెట్ పొడి మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేశాను. బుసబుస పొంగింది. అంటే అందులో సున్నపురాయి పొడి కలిసింది. క్యారియర్‌గా, అంటే మూలికను కలిపే ఆధారపు పొడిగా కొంత వాడటం తప్పు కాదు, కానీ దానికి మూలిక ధర కట్టకూడదు. పసుపులో పనిచేసే సారమైన కర్క్యుమిన్ ఎంత శాతమో రాతపూర్వకంగా అడగండి.

అపోహ: హెర్బల్ కోడికి ఎక్కువ రేటు వస్తుంది.

వాస్తవం: లిఫ్టింగ్‌కి, అంటే కోళ్లు ఎత్తుకెళ్లడానికి వచ్చిన వ్యాపారి కాటా చూస్తాడు, ఆ రోజు పేపర్ రేటు చూస్తాడు. మీరే నేరుగా అమ్ముకుంటే తప్ప పైసా పెరగదు.

ఇన్ని చెప్పాక కూడా వేసి చూడాలనిపిస్తే చూడండి, అందులో తప్పేం లేదు. పొడిని ముందు పది కిలోల మొక్కజొన్న రవ్వలో, తర్వాత యాభై కిలోల దాణాలో, ఆపైన మిక్సర్‌లో కలపండి. షెడ్డు మధ్యలో వల కట్టి, ఒకే హ్యాచరీ పిల్లల్ని రెండు వైపులా సమానంగా వదలండి. పసుపు ఒకవైపే ఇవ్వండి. బస్తాలు, చావులు, వారం వారం బరువులు వేర్వేరుగా రాయండి. రెండో బ్యాచ్‌లో పసుపు అటువైపుకు మార్చండి, ఎందుకంటే మే నెలలో గాలి బాగా తగిలే వైపు కోళ్లు ఎలాగూ బాగానే తింటాయి.