శిక్ష పడ్డాక హెబియస్ కార్పస్: పార్వతీపురం కేసు దగ్గరే దారి మళ్లింది

శ్రీకాకుళం కోర్టు దగ్గర మళ్లీ అదే చర్చ. సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసి విశాఖ సెంట్రల్ జైలుకు పంపిన మనిషి కోసం ఇంటివాళ్లు హెబియస్ కార్పస్ (అక్రమంగా బంధించిన మనిషిని విడిపించమని కోర్టును కోరే రిట్ పిటిషన్) వేయొచ్చా? పట్టుకెళ్లిన ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టలేదు, ఎందుకు పట్టుకున్నారో చెప్పలేదు, మొదటి నిర్బంధమే అక్రమమైతే దానిమీద నిలబడ్డ శిక్ష ఎలా చెల్లుతుందన్నది వాళ్ల ప్రశ్న. ప్రాసిక్యూషన్ జవాబు ఒక్కటే: అప్పీలు ఉంది కదా.

ఆ జవాబుకు బలం మన ప్రాంతపు కేసులోనే వచ్చింది. నక్సల్బరీ నాయకుడు కానూ సన్యాల్‌ను 1970లో పట్టుకుని మొదట డార్జిలింగ్ జైల్లో పెట్టి, తర్వాత నక్సలైట్లపై పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు కోసం విశాఖ జైలుకు తెచ్చారు. పార్వతీపురం అప్పటికి శ్రీకాకుళం జిల్లాలోదే. ఆయన 1973లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అరెస్టుకు కారణం చెప్పలేదని, డార్జిలింగ్ జైల్లో పెట్టడం చెల్లదని, విశాఖ స్పెషల్ జడ్జికి తనను విచారించే అధికారం లేదని వాదించారు. 1974 ఫిబ్రవరిలో జస్టిస్ భగవతి రాసిన తీర్పు డార్జిలింగ్ జోలికే పోలేదు. పిటిషన్ వేసేనాటికి మనిషి విశాఖలో ఉన్నాడు కాబట్టి అక్కడి నిర్బంధం సక్రమమో కాదో చూస్తే చాలంది. స్పెషల్ జడ్జి వారెంటు ఉంది. పిటిషన్ కొట్టేశారు. సన్యాల్ అప్పటికి విచారణ ఖైదీయే. అయినా పాత తప్పును కొత్త కాగితం కప్పేయడం అక్కడే స్థిరపడిందని నా నమ్మకం.

అధికారమున్న కోర్టు జైలుకు పంపితే ఈ రిట్ రాదని 1951లోనే, నల్గొండ రైతుల ఉరిశిక్షలపై వచ్చిన జనార్దనరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుకు అధికారమే లేదని పైకే కనిపిస్తే తప్ప.

ఇప్పుడు జరిగేదీ అంతే. జైలు సూపరింటెండెంటు పిటిషన్‌కు జవాబుగా వేసే కౌంటరుతోపాటు శిక్ష వారెంటు నకలు జతచేస్తాడు. జడ్జి సంతకం, కోర్టు ముద్ర, సెక్షన్లు, శిక్షాకాలం అన్నీ ఉంటాయి. పట్టుకెళ్లిన రాత్రి గురించి ఒక్క ముక్క ఉండదు. వాదన అక్కడితో సరి.

పోనీ అప్పీలుకు వెళ్తే? 60 రోజుల గడువుంది. జైలు నుంచే పంపుకోవచ్చు, న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది. కానీ దర్యాప్తులో లోపం ఉన్నంత మాత్రాన విచారణ చెల్లకపోదని, దానివల్ల ముద్దాయికి అన్యాయం జరిగిందని చూపాలని 1954 నాటి సుప్రీంకోర్టు రిష్బుద్ తీర్పు. అప్పీలు ఉంది కదా అనేవాళ్లు ఈ సంగతి చెప్పరు. అందుకే ఏ సమయానికి, ఎక్కడ పట్టుకున్నారో మొదటి రిమాండు రోజే మేజిస్ట్రేట్‌కు చెప్పి రికార్డులో రాయించుకోవాలి.