30041: కవరు మీది కమ్మింగ్, నేల మీది ఫోర్సైత్

లాంబర్ట్ హైస్కూల్ చిరునామా సువానీ, జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) 30024. డెన్మార్క్ హైస్కూల్‌ది ఆల్ఫరెటా, 30004. సౌత్ ఫోర్సైత్ హైస్కూల్‌ది కమ్మింగ్, 30041. జార్జియాలో అట్లాంటాకు ఉత్తరాన ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబాల నోళ్లలో రోజూ నానే పేర్లివి. మూడు స్కూళ్లూ ఫోర్సైత్ కౌంటీ (మన జిల్లా లాంటిది)లోనే ఉన్నాయి, ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ కింద నడుస్తున్నాయి. కానీ వీటిలో ఏ ఒక్కటీ తన చిరునామాలో ఉన్న ఊరి పరిధిలో లేదు. సువానీ పక్కనున్న గ్విన్నెట్ కౌంటీ ఊరు. ఆల్ఫరెటా ఫుల్టన్ కౌంటీ ఊరు. కమ్మింగ్ ఫోర్సైత్ కౌంటీ కేంద్రమే అయినా, దాని పొలిమేర ఆ స్కూలు దాకా రాదు.

ఈ తికమక తెలియకుండా 30041 జనాభా పట్టిక చదివితే తప్పుడు లెక్కకు వస్తాం. 2020 సెన్సస్‌లో కమ్మింగ్ సిటీ జనాభా 7,318. కవరు మీద కమ్మింగ్ అని రాసే 30028, 30040, 30041 కోడ్‌లలో ఉండేవాళ్లు దానికి ఎన్నో రెట్లు. వాళ్లలో అత్యధికులకు సిటీ కౌన్సిల్ లేదు, మేయర్ లేడు. వాళ్లు ఉండేది ఏ సిటీలోనూ చేరని కౌంటీ నేల మీద.

జిప్ కోడ్ పుట్టింది ఉత్తరాల బట్వాడా కోసం. పెద్ద నగరాల్లో 1943 నుంచే పోస్టల్ జోన్లు ఉండేవి. 1963 జులై 1న దేశమంతటికీ అయిదంకెల కోడ్ వచ్చింది. మొదటి 3 అంకె జార్జియా, ఫ్లోరిడా, అలబామా, టెనెసీ, మిసిసిపీ ప్రాంతానిది. 300 అనేది అట్లాంటా చుట్టుపక్కల ఉత్తరాలు విడదీసే పెద్ద కేంద్రానిది. చివరి రెండంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసువి. మన పిన్ కోడ్ 1972లో వచ్చింది. అందులో 5తో మొదలయ్యేవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు కలిపి ఉన్నట్టే ఇక్కడా రాష్ట్రాల గీతలకన్నా బట్వాడా సౌకర్యానిదే పైచేయి. పోస్ట్‌మ్యాన్ బండి ఏ పోస్టాఫీసు నుంచి బయల్దేరితే ఆ ఊరి పేరే కవరు మీదికి వస్తుంది. అవసరమైతే కోడ్‌ను మారుస్తారు, చీలుస్తారు. పాత కాగితాల్లో కమ్మింగ్ చిరునామాలకు 30130 కనిపించేది అందుకే. కాబట్టి 30041 అనే అంకె పట్టుకుని నలభై ఏళ్లు వెనక్కి వెళ్లలేం. చరిత్ర కావాలంటే కౌంటీ లెక్కలే ఆధారం.

30041 ఎక్కువ భాగం జార్జియా 400 హైవేకి తూర్పున, లేనియర్ సరస్సు వైపు, పీచ్‌ట్రీ పార్క్‌వే వెంబడి దక్షిణానికి పరుచుకుని ఉంది. ఇప్పుడక్కడ సబ్‌డివిజన్లు (ఇళ్ల కాలనీలు), క్లబ్‌హౌస్‌లు, స్విమ్మింగ్ పూల్స్. ఇంటి డీడ్ (దస్తావేజు) తీసి చూస్తే మాత్రం పాత భాష కనిపిస్తుంది: ల్యాండ్ లాట్ నంబరు ఫలానా, 2వ డిస్ట్రిక్ట్, 1వ సెక్షన్. ఇది 1832 లాటరీ నాటి భాష. అంతకుముందు ఈ నేల చెరోకీ జాతిది. 1829లో ఉత్తర జార్జియాలో బంగారం బయటపడ్డాక, చెరోకీలు ఇంకా తమ ఇళ్లలో ఉండగానే రాష్ట్రం వాళ్ల భూమిని ముక్కలు చేసి లాటరీ తీసింది. బంగారం ఉండొచ్చనుకున్న చోట్ల ముక్క 40 ఎకరాలు, మిగతా చోట్ల 160. ఫోర్సైత్‌లో చాలా భాగం 40 ఎకరాల లాట్లే. 1832 డిసెంబరులోనే కౌంటీ ఏర్పడింది. 1838లో సైన్యం చెరోకీలను పశ్చిమానికి తరిమేసింది. ఇవాళ పావు ఎకరం ప్లాటుకు రాసే రిజిస్ట్రేషన్ కాగితంలోనూ ఆ 40 ఎకరాల లాట్ నంబరు కనిపిస్తుంది.

రెండోసారి జనాన్ని వెళ్లగొట్టింది 1912లో. 1910 సెన్సస్ ప్రకారం కౌంటీ జనాభా 11,940. అందులో నల్లజాతివాళ్లు 1,098 మంది, అంటే నూటికి 9 మంది. 1912 సెప్టెంబరులో ఆస్కర్‌విల్ దగ్గర మే క్రో అనే తెల్లజాతి యువతి మీద దాడి జరిగింది, రెండు వారాలకు ఆమె చనిపోయింది. ఆ కేసులో పట్టుకొచ్చిన రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ని సెప్టెంబరు 10న గుంపు కమ్మింగ్ జైల్లోంచి లాగి చంపి, చౌరస్తాలో స్తంభానికి వేలాడదీసింది. అదే కేసులో నిందితులైన నల్లజాతి కుర్రాళ్లలో ఎర్నెస్ట్ నాక్స్‌కు 16 ఏళ్లు, ఆస్కర్ డేనియల్‌కు 18. ఒక్కో విచారణ ఒక్క రోజులో ముగించి, అక్టోబరు 25న వేల మంది చూస్తుండగా ఇద్దరినీ ఉరి తీశారు. ఈలోగా రాత్రిళ్లు గుర్రాల మీద తిరిగే ముఠాలు నల్లజాతివాళ్ల ఇళ్ల మీద కాల్పులు జరిపాయి, చర్చిలు తగలబెట్టాయి. కొద్ది వారాల్లోనే దాదాపు అందరూ కౌంటీ వదిలి వెళ్లిపోయారు. సొంత భూమి ఉన్నవాళ్లలో కొందరు అయినకాడికి అమ్ముకున్నారు. కొందరి భూమిని పక్కవాళ్లు ఆక్రమించి, పన్ను కడుతూ వచ్చి, తమదే అనిపించుకున్నారు. 30041 చరిత్రలో అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఇదే. ఇక్కడి జనాభా గ్రాఫ్‌లో నల్లజాతివాళ్ల చోట ఉన్న ఆ శూన్యం సహజంగా ఏర్పడలేదు.

ఆ తర్వాత యాభై ఏళ్లు కౌంటీ ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయింది. 1910లో 11,940 ఉన్న జనాభా 1960లో 12,170. పత్తి పోయింది, కోళ్ల పెంపకం వచ్చింది. 1950లో సైన్యపు ఇంజనీర్ల విభాగం చాటహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ పని మొదలుపెట్టింది. 1956లో గేట్లు మూసి నీళ్లు నిలపడంతో సుమారు 38,000 ఎకరాల లేనియర్ సరస్సు ఏర్పడింది. ఆస్కర్‌విల్ చుట్టుపక్కల పల్లపు నేలలు మునిగాయి. నల్లజాతివాళ్ల ఊరిని ముంచేసి సరస్సు కట్టారని సోషల్ మీడియాలో తరచూ తిరిగే మాటలో కాలక్రమం తప్పింది. సరస్సు రావడానికి నలభై ఏళ్ల ముందే వాళ్లను తరిమేశారు. తరిమింది మనుషులు. నేరాన్ని నీళ్ల మీదికి నెట్టడం చరిత్రకు అన్యాయం.

సరస్సు కౌంటీ తూర్పు అంచులో చాలా భాగాన్ని పట్టేసింది. దాంతో అటువైపు కొత్త ఇళ్లు చాలావరకు సరస్సుకీ, అట్లాంటా నుంచి వచ్చే రోడ్డుకీ మధ్యన పడ్డాయి.  ఒడ్డున ఇల్లు కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నీటి అంచు చుట్టూ ఉన్న నేల ఇంటివాళ్లది కాదు, ఫెడరల్ ప్రభుత్వానిది. పెరటి కంచెకీ నీళ్లకీ మధ్య ఆ పట్టీ ఉంటుంది. అక్కడ చెట్టు కొట్టాలన్నా, పడవ కట్టే డాక్ వేసుకోవాలన్నా ఇంజనీర్ల విభాగం పర్మిట్ కావాలి. డాక్‌ల సంఖ్యకూ పరిమితి ఉంది. ఒడ్డున ఇల్లుంటే డాక్ కూడా ఉన్నట్టే అనుకుని బేరం కుదుర్చుకుంటే ఇబ్బంది పడతారు.

కౌంటీని అసలు మార్చింది జార్జియా 400. 1970లలో అది అట్లాంటా నుంచి ఉత్తరానికి పాకుతూ వచ్చింది. 1970లో 16,928 ఉన్న జనాభా 1980కి 27,958 అయింది. అయినా 1912 నాటి గోడ కూలలేదు. 1987 జనవరి 17న పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ఆధ్వర్యంలో చిన్న గుంపు జాతి వివక్షకు వ్యతిరేకంగా కమ్మింగ్‌లో నడవబోతే వందలమంది రాళ్లు, సీసాలు విసిరారు. వారం తిరగ్గానే, జనవరి 24న, దాదాపు 20,000 మంది నేషనల్ గార్డ్ కాపలాలో నడిచారు. ఆ తర్వాతి నెల ఓప్రా విన్‌ఫ్రీ తన టీవీ కార్యక్రమాన్ని అక్కడే చిత్రీకరించింది. దేశమంతా ఫోర్సైత్ పేరు విన్నది అప్పుడే.

ఇక ఆ తర్వాత: 1990లో 44,083. 2000లో 98,407. 2010లో 1,75,511. 2020లో 2,51,283. ఆల్ఫరెటాలో, 400 వెంబడి టెక్నాలజీ కంపెనీలు, పేమెంట్ ప్రాసెసింగ్ సంస్థలు ఆఫీసులు తెరిచాయి. 1990 ఇమ్మిగ్రేషన్ చట్టంతో వచ్చిన హెచ్-1బి వీసా మీద ఇంజనీర్లు వచ్చారు. ఫుల్టన్‌లో ఇళ్ల ధరలు పెరిగేకొద్దీ కౌంటీ గీత దాటి ఉత్తరానికి జరిగారు. కౌంటీలో ఆసియా మూలాలున్నవాళ్లు 2000లో నూటికి ఒక్కరు కూడా లేరు. 2010లో సుమారు ఆరుగురు, 2020లో సుమారు 18 మంది. వీళ్లలో ఎక్కువమంది భారతీయులు, ఉండేది ఎక్కువగా దక్షిణ భాగంలో. ఉత్తరాన ఈ వాటా బాగా తగ్గిపోతుంది కాబట్టి కౌంటీ సగటు చూసి 30041 ఇలాగే ఉంటుందని అనుకోకూడదు. నల్లజాతివాళ్ల వాటా 2020లో నూటికి నాలుగు. తలల లెక్కన 1910 కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, వాటా లెక్కన మాత్రం నూట పదేళ్ల తర్వాత కూడా అప్పటిదానిలో సగానికి తక్కువే.

తెలుగువాళ్లు ఎంతమంది అనే ప్రశ్నకు సెన్సస్ నేరుగా జవాబు చెప్పదు. జాతి ప్రశ్నలో భారతీయులు అన్న గడి ఉంటుంది, తెలుగు ఉండదు. ఏటా జరిగే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. అయిదేళ్లు నిండినవాళ్లనే లెక్కిస్తారు. ఇంట్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడే పిల్లలు ఆ లెక్కలోకి రారు. భాషలను నాలుగు పెద్ద గుంపులుగా చూపే పట్టికలో హిందీ, గుజరాతీ ఇతర ఇండో-యూరోపియన్ గుంపులో ఉంటాయి. తెలుగు, తమిళం, మలయాళం ఆసియా-పసిఫిక్ గుంపులో చైనీస్, కొరియన్‌లతో కలిసిపోతాయి. ఆ గుంపు అంకె చూసి ఇదంతా చైనీస్, కొరియన్ జనాభా అనుకున్నా తప్పే, ఇండో-యూరోపియన్ అంకె చూసి భారతీయులంతా ఇంతే అనుకున్నా తప్పే. తెలుగు విడిగా కావాలంటే వివరమైన భాషల పట్టికలో చూడాలి.

మరో చిక్కుంది. సెన్సస్ బ్యూరో ఇచ్చేది అసలు జిప్ కోడ్ లెక్క కాదు. 2000 సెన్సస్ నుంచి అది తన సొంత పద్ధతిలో జిప్ పట్టిక ప్రాంతాలు తయారుచేస్తోంది. ఒక్కో సెన్సస్ బ్లాకులో (లెక్కింపు కోసం గీసిన అతి చిన్న ముక్కలో) ఎక్కువ చిరునామాలకు ఏ జిప్ ఉంటే మొత్తం బ్లాకును ఆ కోడ్‌కే కట్టేస్తుంది. దాంతో అంచున ఉన్న వీధులు అటూ ఇటూ పోతాయి. ప్రతి పదేళ్లకూ గీతలు మళ్లీ గీస్తారు, కనుక 2010 నాటి 30041, 2020 నాటి 30041 ఒకే నేల కాకపోవచ్చు. సర్వే అంకెలేమో అయిదేళ్ల సగటులు. 2018 నుంచి 2022 వరకు కలిపిన ఆదాయం అంకె 2022 ఆదాయం కాదు. ఇంత వేగంగా పెరిగే చోట సగటు ఎప్పుడూ వాస్తవం కన్నా వెనకే ఉంటుంది. పక్కనే ఇచ్చే పొరపాటు హద్దు (మార్జిన్ ఆఫ్ ఎర్రర్) కూడా చూడాలి. చిన్న గుంపుల విషయంలో ఒక్కోసారి అది అసలు అంకెలో సగం ఉంటుంది.

పేరు సమస్యను ఓటుతో తేల్చే ప్రయత్నం ఒకసారి జరిగింది. దక్షిణ ఫోర్సైత్‌లో షారన్ స్ప్రింగ్స్ అనే కొత్త సిటీ ఏర్పాటు చేయాలని 2018 మేలో ఓటింగ్ పెట్టారు. గెలవాలంటే 57.5 శాతం రావాలన్నది నిబంధన. వచ్చింది సుమారు 54 శాతం. సగానికి పైగా అవునన్నా సిటీ ఏర్పడలేదు. ఇళ్ల సాంద్రత, రీజోనింగ్ (భూమి వాడకం మార్పు) అర్జీల మీద నిర్ణయాలు ఇప్పటికీ కౌంటీ కమిషన్ చేతిలోనే ఉన్నాయి, పోలీసు పని షెరీఫ్ ఆఫీసుది.

అందుకే ఇల్లు చూసేటప్పుడు జిప్‌తో మొదలుపెట్టకూడదు. పూర్తి చిరునామాను సెన్సస్ బ్యూరో జియోకోడర్‌లో (చిరునామా ఎక్కడ పడుతుందో చెప్పే వెబ్ సాధనంలో) వేస్తే కౌంటీ, ట్రాక్ట్ (కొన్ని బ్లాకులు కలిసిన లెక్కింపు ప్రాంతం), బ్లాకు మూడూ వస్తాయి. ఏదైనా సిటీ పరిధిలో ఉందో లేదో కూడా చెబుతుంది. జనాభా వివరాలు ఆ ట్రాక్ట్ నంబరుతో చూస్తే జిప్ పట్టిక కన్నా దగ్గరగా ఉంటాయి. స్కూలు కోసం స్కూల్ డిస్ట్రిక్ట్ సైట్‌లోనే ఇంటి నంబరుతో సహా వెతకాలి. ఒకే సబ్‌డివిజన్‌లో రెండు వైపులకు రెండు స్కూళ్లు ఉండొచ్చు, కొత్త స్కూలు కట్టినప్పుడల్లా గీతలు మారతాయి. పన్నుల విషయం కౌంటీ అసెసర్ రికార్డులో తేలుతుంది. జార్జియాలో మార్కెట్ విలువలో 40 శాతం మీదే మిల్ రేటు (వెయ్యి డాలర్లకు ఇన్ని డాలర్లని చెప్పే ఆస్తి పన్ను రేటు) వేస్తారు. సిటీ బయట ఉంటే సిటీ మిల్ ఉండదు. సేల్స్ టాక్స్‌లో రాష్ట్రానిది 4 శాతం, మిగతాది కౌంటీలను బట్టి మారుతుంది. జిప్ చూసి రేటు వేసే సాఫ్ట్‌వేర్ ఆల్ఫరెటా అన్న పేరు చూసి ఫోర్సైత్ ఇంటికి ఫుల్టన్ రేటు వేసే ప్రమాదం ఉంది, కనుక ఫర్నిచర్ లాంటి పెద్ద బిల్లుల్లో ఆ పన్ను రేటు ఒకసారి చూసుకోవాలి. సొంత ఇంట్లో ఉండేవాళ్లకు దక్కే హోమ్‌స్టెడ్ మినహాయింపు తనంతట తాను రాదు. జనవరి 1 నాటికి ఆ ఇంట్లో ఉంటూ, గడువులోపు కౌంటీలో దరఖాస్తు పెట్టుకోవాలి.