లంకలో కరెంటు ఎలా ఉందో ఒడ్డునుంచి తెలియాలంటే

కరెంటు పోతే అందరికీ తెలుస్తుంది. కరెంటు ఉండి కూడా సరిగా రాకపోతే మాత్రం మోటారు కాలిన వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. గుంటూరు వైపు కృష్ణ ఒడ్డున, కొల్లిపర, కొల్లూరు దగ్గరి, ఏటి మధ్య లంకల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అరటి, పసుపు, కంద తోటలకు నీళ్లు తోడే మోటార్లు ఏటిపాయకు అవతల ఉంటాయి. ఫిర్యాదు అంది, లైన్‌మ్యాన్ పాయ దాటి వెళ్లి టెస్టర్ పెట్టేసరికి బల్బు చక్కగా వెలుగుతుంది. జబ్బు పొద్దున ఆరింటిది, పరీక్ష మధ్యాహ్నం రెండింటిది. అందుకే అక్కడే ఉండి రోజంతా కరెంటును కొలుస్తూ, ఒడ్డుకు మెసేజి పంపే చిన్న పెట్టె కావాలి.

లో వోల్టేజికి పెద్ద రహస్యమేమీ లేదు, దూరమే కారణం. ఎల్‌టీ లైన్లలో (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మోటార్ల దాకా వచ్చే తక్కువ వోల్టేజి లైన్లలో) వాడే వీజిల్ రకం అల్యూమినియం తీగకు కిలోమీటరుకు సుమారు 0.9 ఓం నిరోధం ఉంటుంది. ఫేజుకు, అంటే మూడు కరెంటు తీగల్లో ఒక్కోదానికి, 30 ఆంపియర్లు లాగితే కిలోమీటరు చివర 27 వోల్టులు తగ్గి, 230 కాస్తా 203 అవుతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ బలంలో 22 శాతం పోయినట్టే. పంపు మాత్రం నీటిని అంతే ఎత్తుకు తోడాలి. అందుకని మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగు వేడెక్కుతుంది.

అయితే మోటార్లను చంపేది లో వోల్టేజికన్నా ఫేజుల మధ్య తేడా. రెండేసి ఫేజుల మధ్య 410, 402, 388 వోల్టులు ఉన్నాయనుకుందాం. సగటు 400, అత్యధిక తేడా 12, అంటే 3 శాతం. కాగితం మీద చిన్న అంకే. కానీ దాని వల్ల ఫేజుల కరెంట్ల మధ్య తేడా ఆరు నుంచి పది రెట్లకు, అంటే 18 నుంచి 30 శాతానికి చేరుతుంది. అందుకే ఒక్క ఫేజు వోల్టేజిని చూపించి ఊరుకునే చౌక మీటరు ఇక్కడ పనికిరాదు. మూడు ఫేజులూ తిరుగు తీగ అయిన న్యూట్రల్‌తో ఎంతెంత, వాటిలో వాటికి ఎంత, ఒక్కో ఫేజులో కరెంటు ఎంత అన్నవన్నీ కావాలి.

ఇవన్నీ ఎందుకంటే, ఒక్కో లోపం ఒక్కో గుర్తు వదులుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు పైనుంచి కరెంటు వచ్చే 11 కేవీ (11,000 వోల్టుల) వైపు ఒక హెచ్‌జీ ఫ్యూజు పోతే, డెల్టా-స్టార్ వైండింగులున్న ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక ఫేజు 230 దగ్గరే నిలిచి, మిగతా రెండూ దాదాపు 115కు పడిపోతాయి. న్యూట్రల్ తెగితే ఫేజుల మధ్య 400 ఎప్పటిలాగే ఉంటుంది, న్యూట్రల్‌తో చూస్తే మాత్రం ఒకటి 150, ఇంకొకటి 300 అవుతుంది. ఇళ్లలో టీవీలు, బల్బులు మాడేది అప్పుడే. అన్నిటికన్నా మోసకారి మూడోది: ఎల్‌టీ ఫ్యూజు ఒకటి పోయినప్పుడు మోటారు తిరుగుతూనే ఉంటే, తెగిన ఫేజులో మోటారే తిరిగి వోల్టేజి పుట్టిస్తుంది. వోల్ట్‌మీటరు 190, 200 చూపిస్తూనే ఉంటుంది. ఆ ఫేజులో ఆంపియర్లు సున్నా అని చూస్తేనే గుట్టు బయటపడేది.

ఇక పెట్టె సంగతి. ఏడీఈ9000 లాంటి త్రీఫేజ్ కొలత చిప్, ఒక మైక్రోకంట్రోలర్, 4జీ మోడెమ్, బ్యాటరీ ఉంటే పని నడుస్తుంది. ఆన్‌లైన్‌లో అందరూ కొనే పీజెమ్-004టీ మాడ్యూలు 80 నుంచి 260 వోల్టుల వరకే కొలుస్తుంది. న్యూట్రల్ తెగినప్పుడు, అంటే సరిగ్గా దాని సాక్ష్యం అవసరమైనప్పుడు, అది తన పరిధి దాటిపోతుంది. పవర్ సప్లై కూడా ఒక్క ఫేజు మీద ఆధారపడకూడదు. మూడు ఫేజులనుంచీ తీసుకుని, 400 వోల్టులు దాటినా తట్టుకునేది పెట్టాలి. ప్రతి ఫేజుకూ ముందు హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు తప్పనిసరి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర షార్టయితే వచ్చే కరెంటును మామూలు గాజు ఫ్యూజు ఆపలేదు.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు 33 ఆంపియర్లే అయినా, మోటార్లు స్టార్టయ్యేటప్పుడు లాగేది ఎక్కువ కాబట్టి 100 ఆంపియర్ల స్ప్లిట్‌కోర్ సీటీలు (తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచేవి) నయం. 333 మిల్లీవోల్టుల అవుట్‌పుట్ ఉన్నవి తీసుకుంటే, వైరు ఊడినప్పుడు ప్రమాదకరమైన వోల్టేజి పుట్టదు. ఆర్ అనే ఫేజు సీటీ ఆర్ వోల్టేజికే కలవాలి, బాణం గుర్తు లోడు వైపు ఉండాలి. ఇది తారుమారైతే పవర్ ఫ్యాక్టరు (లాగిన కరెంటులో అసలు పనికి వచ్చే వాటా) అర్థంలేని అంకెలు చూపిస్తుంది. బిగించే పనిలో సగం చిక్కులు ఇక్కడే.

డేటా ఎంత పంపాలన్నది తర్వాతి ప్రశ్న. కరెంటు అల ఒక్కో సైకిలుకు 128 శాంపిళ్ల చొప్పున మూడు వోల్టేజీలను ఉన్నవున్నట్టు పంపితే రోజుకు 3 జీబీ దాటుతుంది. పది నిమిషాలకో సగటు, 32 బైట్లలో సర్ది పంపితే రోజంతటికీ 5 కేబీ లోపే. కానీ సగటు ఒక్కటే చాలదు. కరెంటు 200 మిల్లీసెకన్లు పూర్తిగా పోయినా పది నిమిషాల సగటు 0.1 వోల్టు కూడా తగ్గదు. ఈలోగా స్టార్టరులో మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టరు వదిలేసి మోటారు ఆగిపోయి ఉంటుంది. కాబట్టి ప్రతి అరసైకిలుకూ, అంటే 10 మిల్లీసెకన్లకోసారి, విలువను సరిచూస్తూ, 90 శాతం కిందికి పడిన ప్రతిసారీ ఎంత లోతుకు, ఎంతసేపు అన్నది విడిగా రాసుకోవాలి.

మా లెక్కలో గ్రాఫులకన్నా విలువైనది కరెంటు పోయిన మరుక్షణం వచ్చే చివరి మెసేజి. దానికి బ్యాటరీ కావాలి, మోడెమ్ ముందే నెట్‌వర్కులో నమోదై సిద్ధంగా ఉండాలి. వెంటనే పంపాలి, ఎందుకంటే ఆ ప్రాంతపు సెల్ టవరు కూడా అప్పటికి బ్యాటరీ మీదే ఉండవచ్చు. దీనికి తోడు గంటకోసారి "ఉన్నాను" అనే మెసేజి రావాలి. చివరి మెసేజి వచ్చి ఆగితే కరెంటు పోయినట్టు. ఏమీ చెప్పకుండా ఆగితే సిగ్నలో పెట్టో చెడినట్టు. ఈ తేడా తెలియకపోతే ఊరికే పడవ ఎక్కాల్సి వస్తుంది. సిగ్నల్ అందని చోట 865-867 మెగాహెర్ట్జ్ లోరా రేడియోతో కరకట్ట మీది రిసీవరుకు పంపవచ్చు. నీటి మీదుగా అడ్డంకులు తక్కువ కాబట్టి యాంటెనా ఎత్తుగా ఉంటే కొన్ని కిలోమీటర్లు అందుతుంది.

మే నెల విజయవాడ ఎండ బ్యాటరీకి శత్రువు. మామూలు లిథియం అయాన్ సెల్లును 45 డిగ్రీలు దాటాక చార్జి చేయకూడదు. ఎండలో ఉన్న పెట్టె లోపల 60 దాటడం మామూలే. వేడికి మెరుగ్గా తట్టుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు, తెల్ల పెట్టె, పైన రేకు నీడ, హద్దు దాటితే చార్జింగు ఆపే సెన్సరు పెట్టాలి. వైర్లు కిందినుంచే లోపలికి వెళ్లాలి, వైరు దూరేచోట గ్లాండ్లు (బిగింపు బిరడాలు) బిగుతుగా ఉండాలి, లేకపోతే చీమలు, బల్లులు చేరతాయి. ఎత్తు విషయంలో పిసినారితనం వద్దు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది. ఆ వరద గుర్తుకు పైనే బిగించాలి. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) స్తంభం మీదైతే వాళ్ల అనుమతి ఉండాలి, సొంత స్టార్టరు బోర్డులోనైతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చాలు.

వీలైతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒకటి, లైను చివర ఒకటి పెట్టి రెండింటి గడియారాలూ నెట్‌వర్కు సమయంతో కలపాలి. ఒకే క్షణాన రెండుచోట్లా వోల్టేజి ఒకేలా పడితే లోపం సాధారణంగా పైనుంచి వచ్చింది. చివర మాత్రమే పడితే ఎల్‌టీ తీగలోనో జాయింటులోనో ఉంది.

సప్లై వచ్చిన తొలి నిమిషంలోనే వోల్టేజి కుప్పకూలుతుంటే ముందు అనుమానించాల్సింది, సప్లై రాగానే మోటారును వాటంతటవే స్టార్టు చేసే ఆటో స్టార్టర్లను. 5 హెచ్‌పీ మోటారు నేరుగా స్టార్టయితే 45 ఆంపియర్ల దాకా లాగుతుంది. నాలుగు ఒకేసారి లేస్తే 180. అప్పుడు 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ లోపలే దాదాపు అయిదో వంతు వోల్టేజి పోతుంది, మిగిలినదాంట్లో లైను తన వాటా తీసుకుంటుంది. ఏ మోటారూ పూర్తి వేగం అందుకోదు, అన్నీ వేడెక్కుతాయి. దీనికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ఒకరి టైమరు 30 సెకన్లకు, పక్క పొలం వాళ్లది 60కి, ఆ పైవాళ్లది 90కి, నాలుగోది 120కి తిప్పుకుంటే చాలు.