పెడల్ స్టీల్ చరిత్ర పెట్టె అడుగున ఉంది

తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ, కాలి పెడళ్లతో తీగల స్వరం మార్చుతూ వాయించేది పెడల్ స్టీల్ గిటార్. పాతది ఒకటి మరమ్మతుకు వచ్చినప్పుడల్లా రేగే తగువే మళ్లీ రేగింది. పెడల్ తొక్కితే తీగను లాగే, అడుగునున్న పాత యంత్రాంగాన్ని అలాగే ఉంచాలా, ఊడదీసి కొత్తది బిగించాలా? హవాయిలో తీగల మీద ఉక్కు కడ్డీ జార్చిన రోజులు, 1930లలో ఆ గిటార్ ఎలక్ట్రిక్ అయిన వైనం చాలామందికి తెలిసినవే. ఈ తగువుకు మూలం 1953 చివర అమెరికాలోని నాష్‌విల్‌లో జరిగిన ఒక రికార్డింగ్‌లో ఉంది.

పెడళ్లు అంతకుముందూ ఉన్నాయి. గిబ్సన్ కంపెనీ ఎలక్ట్రాహార్ప్ గిటార్ వాటితోనే వచ్చింది. కాకపోతే అప్పట్లో వాటి పని శ్రుతి మార్చడం వరకే. ఆ రికార్డింగ్‌లో, కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' పాటకు స్టీల్ గిటార్ వాయించిన బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కాడు. పాశ్చాత్య స్వరాల పేర్లతో చెబితే, ఇ తీగ కదల్లేదు. జి షార్ప్ ఎ దాకా, బి సి షార్ప్ దాకా సాగాయి. కడ్డీ ఉన్నచోటే ఉండగా ఇ కార్డ్ కాస్తా ఎ కార్డ్ అయింది. మనకు అలవాటైన హవాయి గిటార్‌లోనూ గోటువాద్యంలోనూ జారుడంతా చేతిదే. ఇక్కడ సగం కాలిది.

1954లో ఆ పాట కంట్రీ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. స్వరం జారుతుంటే వినిపించే ఆ మూలుగు తమ వాయిద్యంలోనూ పలకాలని వాదకులు పాత గిటార్లకు పెడళ్లు తగిలించడం మొదలుపెట్టారు. ఐజాక్స్ ఒకే పెడల్‌తో చేసినదాన్ని బడ్డీ ఎమన్స్, జిమ్మీ డే అనే వాదకులు రెండు పెడళ్లుగా విడదీశారు. ఇద్దరి పెడళ్ల వరస ఒకదానికొకటి తిరగేసినట్టుంటుంది. తయారీదారు ఇప్పటికీ 'ఎమన్సా, డేనా?' అని అడిగాకే పని మొదలుపెడతాడు. ఎమన్స్, షాట్ జాక్సన్ కలిసి నడిపిన షో-బడ్ కంపెనీ కూడా పాత స్టీళ్లకు పెడళ్లు అమర్చే పనితోనే ఎదిగింది. 1962లో ఎమన్స్ ఎఫ్ షార్ప్, డి షార్ప్ తీగలు చేర్చాడు. మరుసటేడు సొంత కంపెనీ పెట్టుకున్నాడు. ఆ పదేళ్లలో చేతులు మారిన వాయిద్యం రెండు మూడుసార్లు ఊడి మళ్లీ బిగిసి ఉండొచ్చు. అలాంటప్పుడు ఏ సంవత్సరపు రూపాన్ని 'ఒరిజినల్' అనాలి?

యంత్రాంగం మారిస్తే నాదం మారుతుందని సేకరించేవాళ్లు అంటారు. ఎమన్స్ కంపెనీ పుష్-పుల్ అనే రకం గిటార్ విషయంలో అది నిజమే.

వాయించేవాళ్ల ఇబ్బంది వేరు. పాత షో-బడ్‌లలో పాట్ మెటల్ అనే జింక్ మిశ్రమంతో పోతపోసిన భాగాలు పగుళ్లిస్తాయి. అవి కచేరీ మధ్యలో విరిగితే పెడల్ ఉత్తినే కిందికి పోతుంది. మార్చక తప్పదు. తప్పు మార్చడంలో లేదు, రాసిపెట్టుకోకుండా మార్చడంలో ఉంది.

ఒక్క మర కూడా విప్పకముందే వాయిద్యాన్ని బోర్లించి ఫోటోలు తీయాలి. ఏ పెడల్, ఏ మోకాలి లివర్ ఏ తీగను ఎంత పెంచుతోందో, ఎంత దించుతోందో పట్టికగా రాయాలి. తీగను లాగే ప్రతి రాడ్, దాన్ని కదిలించే బెల్‌క్రాంక్ అనే చిన్న మీటలోని ఏ రంధ్రంలో ఉందో కూడా రాయాలి. ఆ రంధ్రం మీట ఇరుసుకు దూరంగా ఉంటే పెడల్ కొంచెం తొక్కినా చాలు, కానీ బరువుగా ఉంటుంది. దగ్గరగా ఉంటే తేలిక, లోతుగా తొక్కాలి. పాత వాదకుడి కాలి అలవాటు అక్కడ దొరుకుతుంది. చెక్కలో ఖాళీగా మిగిలిన స్క్రూ రంధ్రాలను పూడ్చకూడదు, ఒకప్పటి లివర్ ఎక్కడుండేదో చెప్పేవి అవే.

చాలామంది మరిచిపోయేది తీగల మందం. ఆరో తీగ, అంటే జి షార్ప్, చుట్టుతీగా సాదా తీగా అన్నది తప్పక రాసుకోవాలి. చుట్టుతీగలో లోపలి తీగ సన్నం, అందుకే అదే స్వరానికి ఎక్కువ లాగాలి. సాదా తీగకు అమర్చిన పెడల్ కింద చుట్టుతీగ వేస్తే ఎ దాకా చేరదు. అప్పుడు యంత్రం పాడైందనుకుని మంచి భాగాలే ఊడదీస్తారు.