చూపు లేని పిల్లలు మన ఊరి బడిలో: అపోహలు - వాస్తవాలు

మండలంలోని బడులు తిరుగుతూ చూపు లేని పిల్లలకు, వాళ్లకు పాఠం చెప్పే టీచర్లకు సాయం చేయడం నా పని. ప్రతి జూన్‌లో అడ్మిషన్లప్పుడు నాకు వినిపించే మాటలివి.

అపోహ: "వీళ్లకు వేరే బడులుంటాయి కదమ్మా, అక్కడ చేర్పించండి."

వాస్తవం: ఏ బడి అన్నది అమ్మానాన్నల ఇష్టం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలో గానీ, ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకోవచ్చు. ప్రత్యేక బడులు వద్దని నేననను. ఆరేళ్ల బిడ్డను హాస్టల్‌కు పంపడం తప్ప దారి లేదని చెప్పి తల్లిని ఏడిపించవద్దంటాను.

అపోహ: "ఉన్న కాస్త చూపునూ వాడితే అదీ పోతుంది."

వాస్తవం: వాడితే పోదు. పెద్ద అక్షరాలు, మంచి వెలుతురు, ముందు బెంచీ ఇవ్వండి.

అపోహ: "గుణింతాలు, ఒత్తులున్న తెలుగును బ్రెయిలీలో నేర్వడం మహా కష్టం."

వాస్తవం: వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి బ్రెయిలీ. అందులో ఇవే తేలిక. 'క' పక్కన 'ఆ' పెడితే 'కా' అయిపోతుంది. ఒత్తు కిందికి దిగదు, అన్నీ ఒకే వరసలో నడుస్తాయి. పైగా మన దేశ భాషలకు ఉమ్మడిగా ఉన్న భారతి బ్రెయిలీలో తెలుగు 'క'కు, హిందీ 'క'కు అవే చుక్కలు. ఆరో తరగతిలో క్లాసంతా హిందీ అక్షరాలు కొత్తగా దిద్దుతుంటే, మన పిల్లకు అవి ముందే వచ్చు!

అపోహ: "నాకు బ్రెయిలీ రాదు, పాఠమెలా చెప్పను?"

వాస్తవం: ఈ టెన్షన్ టీచర్లందరికీ ఉంటుంది. బ్రెయిలీ సంగతి మేం చూసుకుంటాం. మీరు బోర్డు మీద రాసేది నోటితో పలకండి చాలు. "దీన్ని ఇటు తెచ్చి, ఇందులోంచి తీసేస్తే" అంటే చూపు లేని పిల్లకు ఏం అర్థమవుతుంది? "మూడు ఎక్స్ ప్లస్ ఐదు ఈక్వల్ టు ఇరవై, ఐదుని కుడివైపుకు తెస్తే మైనస్ ఐదు" అనండి, లెక్క ఆమె మనసులోనే నడుస్తుంది.

మ్యాపులకు దారం, జిగురు చాలు. ఒకసారి గోదావరిని అట్ట మీద దారంతో అంటించి ఒక పాప చేతికిచ్చాను. నాసిక్ నుంచి వేలు జరుపుకుంటూ వచ్చి, రాజమండ్రి దాటగానే ఆగిపోయింది. "టీచర్, ఇక్కడ నది చీలిపోయింది!" అని అరిచింది. క్లాసులో మిగతా పిల్లలంతా ఆ అట్ట తడిమి చూడటానికి లేచి వచ్చారు.